దగ్గే గడియారం

ఎల్బెన్‌రోడె,
9 సెప్టెంబరు 1930

తమ్ముడు ఆల్విన్‌కు,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీలు స్టూడియో భోజనం గురించి, ఒకటిన్నర పేజీ నువ్వు అద్దెకుండే ఇంటావిడ పెంచే చిలక గురించి రాసి, అడుగున కాస్త చోటు మిగిలిందని కాబోలు, నా నవలను మాటలు వచ్చే సినిమాగా తీస్తున్నారని ఒక ముక్క గీకావు. మీ అక్క నలభై తొమ్మిదేళ్లకు రాసిన మొట్టమొదటి పుస్తకం అది. ఆ ముక్క మొదట రాసి చిలకను చివర్లో పెడితే నీ సొమ్మేం పోయేది?

సరే, సంతోషం. నేను సంతోషంగానే ఉన్నాను, రాతలో అలా కనిపించకపోవచ్చు. ఒక్క సంగతి మాత్రం మీ డైరెక్టరుకు గట్టిగా చెప్పు. ఊరంతా గడియారాలు బాగుచేసే పెద్దాయన్నే హంతకుడు అనుకుంటుంది, చివరికి ఆ పని చేసింది జడ్జి అని తేలుతుంది. నా పుస్తకం మొత్తం అంతే. ఆ పెద్దాయన ఎవరో ఇక్కడ పసిపిల్లనడిగినా చెబుతుంది. మా కింది వాటాలో కొట్టు నడిపే విట్కోప్ గారు. రాసేముందు నేనే వెళ్లి ఆయన అనుమతి అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "అనుమానించనివ్వండి, పర్లేదు. చివర్లో మాత్రం నేను మంచివాణ్ణని తేలిపోవాలండీ" అన్నాడు. మాటిచ్చాను. మీ బావ పోయాక ఈ ఆరేళ్లూ ప్రతి ఆదివారం నాతో కాఫీ తాగి, నా కష్టసుఖాలు విన్న మనిషి ఆయన ఒక్కడే. నువ్వు విన్నావా? నీకు చిలక ఉంది.

ఇక గడియారం సంగతి. స్టూడియో గడియారాలు మైక్రోఫోనులో డబ్బాలో బఠాణీలు ఆడించినట్టు వినిపిస్తున్నాయి, విట్కోప్ గారి గోడ గడియారం అరువు ఇప్పించమని రాశావు. దాని సంగతి నీకు గుర్తే కదా. గంట కొట్టేముందు ఒకసారి ఖళ్ళుమని దగ్గుతుంది, పాదిరీ గారు ప్రసంగానికి ముందు గొంతు సవరించుకున్నట్టు. ఆ దగ్గు వినే మా వీధి ఆడవాళ్లు పొయ్యి మీంచి బంగాళాదుంపలు దించుతారు. ఊళ్లో గడియారాలన్నీ బాగుచేసే మనిషి తన గడియారం దగ్గు బాగుచేసుకోడేమని నేను ఎన్నిసార్లు ఏడిపించానో లెక్కలేదు. నవ్వి ఊరుకుంటాడు.

మొదట ససేమిరా అన్నాడు. మూడు ఆదివారాలు రేగుపళ్ల కేకు పెట్టి బతిమాలాను. చివరికి తనే గడ్డిలో చుట్టి, పెట్టెలో పెట్టి, స్టేషనుకు మోసుకెళ్లి ఎక్కించాడు. కీ పదకొండు చుట్లే తిప్పాలట, పన్నెండోది తిప్పకూడదట. మూడుసార్లు చెప్పాడు. నీకు నేను ఒక్కసారి చెబుతున్నాను, నువ్వు రెండుసార్లు మర్చిపోతావు కనుక కాగితం మీద రాసి గోడకు అంటించుకో.

మీ అక్క
ఒటీలియా


బెర్లిన్,
2 అక్టోబరు 1930

అక్కా,

గడియారం క్షేమంగా చేరింది. క్షేమంగా లేనిది నేనే.

ఈ మాటల సినిమా ఎవరు కనిపెట్టారో గానీ, వాణ్ణి తెచ్చి నా ఉద్యోగంలో ఒక్క వారం కూర్చోబెట్టాలి. కెమెరా గరగరలు వినబడకూడదని కెమెరానూ, దాన్ని తిప్పే మనిషినీ కలిపి కంబళ్లు కప్పిన గదిలో పెట్టి తలుపు వేస్తారు. పాపం వాడు ఉడికిన దుంపలా బయటికొస్తాడు. హీరోయిను పట్టు గౌను నడిస్తే అడవి అంటుకున్నట్టు చప్పుడు, కాబట్టి ఎండాకాలపు సీనులో ఉన్ని గౌను. మైకు దాచడం నా పని. పూలకుండీలో దాచాను. హీరో భార్యకు చెప్పాల్సిన ప్రేమ మాటలన్నీ కుండీ మీదికి వంగి పూలకు చెబుతున్నాడు. నిన్న నలభై మంది ఊపిరి బిగబట్టిన సమయంలో ఎవరిదో కడుపు గుర్రుమంది. అందరూ నన్నే చూశారు. నాదే.

నీ గడియారం కథ విను. సీను మధ్యలో నేను దాన్ని ఆపడం మర్చిపోయాను. (కీ పదకొండు చుట్లే తిప్పాను, కోప్పడకు.) అది ఖళ్ళున దగ్గింది. డైరెక్టరు ఫాల్క్ గారు కుర్చీలోంచి లేచి "ఎవడ్రా దగ్గింది?" అని అరిచాడు. అప్పుడు అది గంట కొట్టింది. ఆయన అలాగే నిలబడిపోయాడు. తర్వాత అందర్నీ బయటికి పంపి, ఆ దగ్గు ఒక్కదాన్నే పన్నెండుసార్లు రికార్డు చేయించాడు. "దీన్ని వింటే నాకే వెన్నులో వణుకు పుడుతోంది" అన్నాడు. ఇప్పుడు మా సినిమాకు హీరో ఎవరంటే ఆ గడియారమే అక్కా. దానికోసం కథలో చిన్న చిన్న సర్దుబాట్లు చేస్తున్నారు. నువ్వేం కంగారుపడకు.

చిలక నా పేరు నేర్చుకుంది. మా ఇంటావిడ చిలకను వెక్కిరించావు గానీ, ఆవిడ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ కడుపు గుర్రుమనే తమ్ముడు
ఆల్విన్


ఎల్బెన్‌రోడె,
20 అక్టోబరు 1930

ఆల్విన్,

చిన్న చిన్న సర్దుబాట్లు అంటే ఏమిటి? మీ బావ కూడా మా మేడమెట్లకు చిన్న సర్దుబాటు చేయిస్తానని చెప్పి ఇంటికప్పు ఊడదీయించాడు. ఏమి మారుస్తున్నారో వరసగా రాయమని నీకు రెండు కార్డులు రాశాను, జవాబు లేదు. చిలక క్షేమసమాచారాలకు మాత్రం నీకు తీరిక దొరుకుతుంది.

గడియారమే హీరో అన్న నీ మాట విట్కోప్ గారికి చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది. ఆయన మొహం ఎర్రబడింది, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. గురువారం జింకకొమ్ము సత్రంలో చెప్పేశాడు. అక్కడ ఒక గుండ్రబల్ల ఉంది. గురువారాల్లో ఆ బల్ల దగ్గర ఆ తొమ్మిది మందికి తప్ప ఎవరికీ చోటు ఉండదు. ఎవరి కుర్చీ వారిది, గోడ మేకుకు ఎవరి బీరు ముంత వారిది. ఇరవై ఎనిమిదేళ్లుగా విట్కోప్ గారు అక్కడ ఇతరుల మాటలు వినడమే తప్ప మాట్లాడి ఎరుగడు. ఆ రోజు ఆయనే మాట్లాడాడట. సినిమా మన ఊరికి వచ్చిన రోజు హాల్లో ఒక వరస టికెట్లన్నీ తనే కొంటానని అందరికీ మాటిచ్చాడట. కొత్త కాలరు కూడా కొనుక్కున్నాడు.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. జడ్జి ఎలా పట్టుబడుతున్నాడు? నా పుస్తకంలో ఉన్నట్టేనా? ఒక్క ముక్క రాయి, నేను నిద్రపోతాను.

నా మోకాళ్లకు చలి పట్టింది. పెద్దబాతును ఈసారి క్రిస్మస్ పండక్కి వేయించను, వంగి పొయ్యిలోకి చూడలేను. నువ్వు వస్తే వేయిస్తాను, నువ్వెలాగూ రావు.

ఒటీలియా


బెర్లిన్,
1 డిసెంబరు 1930

అక్కా,

సినిమా పూర్తయింది. నాకు తెలిసి నేను కూడా పూర్తయిపోయాను. నువ్వు తిట్టేముందే చెబుతున్నాను, ఈ నెలన్నర నేను మంచం మీద పడుకున్నది తక్కువ, స్టూడియో బల్లల మీద పడుకున్నది ఎక్కువ.

ఎందుకంటే ఒకే సినిమాను రెండుసార్లు తీశాం. జర్మన్ మాటలు ఫ్రాన్సులో ఎవరికి అర్థమవుతాయి? అందుకని పొద్దున మనవాళ్లు వచ్చి సీను చేసి వెళతారు. మధ్యాహ్నం అదే గదిలో, అదే కుర్చీల్లో, పారిస్ నుంచి వచ్చిన నటులు కూర్చుని అదే సీను ఫ్రెంచిలో చేస్తారు. పొద్దున మనవాళ్లు తాగిన కాఫీ కప్పులు కడక్కుండానే వాళ్లు తాగుతున్నట్టు నటిస్తారు. వాళ్ల డైరెక్టరు వేరు, వాళ్ల గోల వేరు. గడియారం మాత్రం రెండు పూటలా తనే దగ్గింది, ఏ భాషకూ పేచీ పెట్టలేదు.

ముగింపు గురించి అడిగావు. అక్కా, నీ ముగింపును నేను కాపాడాను. చాలా పోట్లాడాను. దాని కథ పెద్దది, కలిసినప్పుడు చెబుతాను. ఇంతకంటే ఇప్పుడు అడగొద్దు.

పెద్దబాతు గురించి చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. సెలవు ఇవ్వలేదు.

ఆల్విన్


ఎల్బెన్‌రోడె,
15 ఫిబ్రవరి 1931

ఆల్విన్,

నా ముగింపును కాపాడానని నువ్వు రాసిన ఉత్తరం నా ఎదురుగా ఉంది. ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. నీకు సిగ్గుందా?

కిందటి వారం శుక్రవారం సాయంత్రం ఆట. సినిమా హాల్లో కొత్తగా స్పీకర్లు పెట్టించారు, ఊరు ఊరంతా వచ్చింది. నాలుగో వరస మొత్తం మాది. విట్కోప్ గారు మధ్యలో, నేను పక్కన, అటూ ఇటూ గుండ్రబల్ల పెద్దమనుషులు. దీపాలు ఆర్పగానే మొదట వినిపించింది ఆ దగ్గే. హాల్లో అందరూ గొల్లున నవ్వారు, చప్పట్లు కొట్టారు. మన గడియారం, మన గడియారం అని వెనక వరసలో ఎవరో అన్నారు. ఆయన కుర్చీలో కాస్త ఎత్తుగా సర్దుకుని కూర్చున్నాడు. నేను ఆయన చెయ్యి తట్టాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పుడు నా ఒళ్లు మండిపోతోంది.

తర్వాత? దగ్గినప్పుడల్లా ఒక శవం. మూడోసారి దగ్గేసరికి నవ్వులు ఆగాయి. అయిదోసారికి ముందు వరసలవాళ్లు మెడలు తిప్పి మమ్మల్ని చూశారు. చివర్లో తెర మీద గడియారాల మనిషి తన గోడ గడియారం కింద నిలబడి, అందర్నీ చంపింది నేనే అని ఒప్పుకున్నాడు. జడ్జి ఆయనకు శిక్ష వేశాడు. జడ్జి, ఆల్విన్. నా హంతకుడు శిక్ష వేశాడు, నా నిర్దోషి ఉరికి వెళ్లాడు.

మాటలు రాని సినిమా అయితే ఏ గడియారమైతేనేం, ఎవరు గుర్తుపట్టేవారు? ఆ దగ్గు మాత్రం ఊళ్లో ప్రతి ఒక్కరూ ఏళ్ల తరబడి విన్నదే.

దీపాలు వెలిగాక ఆయన టోపీ వెతుక్కున్నాడు. ఒళ్లోనే ఉంది. మెట్ల దగ్గర నాతో, "పుస్తకంలో నేను మంచివాణ్ణే కదండీ?" అన్నాడు. అవునన్నాను. "ఇక్కడ పుస్తకం చదివినవాళ్లు ఎంతమంది ఉంటారు?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం కాఫీకి రాలేదు. ఈ ఆదివారం కూడా. ఆయన దగ్గర వాచీ బాగుచేయించుకుంటే చేతికి కట్టుకోవడానికి భయం వేస్తుందని రొట్టెల కొట్టావిడ వేళాకోళం ఆడింది. వేళాకోళమే, కానీ మర్నాడు ఆమె వాచీ పక్క ఊరికి వెళ్లింది. గురువారం గుండ్రబల్ల దగ్గర ఎవరూ ఏమీ అనలేదట. ఆయన కూర్చోగానే ఒకాయన దగ్గాడట, మిగతావాళ్లు ముంతల్లో మొహాలు పెట్టుకుని నవ్వారట. ఆయన లేచి వచ్చేశాడు. ఇప్పుడు ఆయన ముంత మేకు మీంచి తీసి అలమారలో పెట్టారు. ఇరవై ఎనిమిదేళ్ల ముంత.

నేను మాటిచ్చాను. మూడు ఆదివారాలు కేకు పెట్టి ఆ గడియారాన్ని నేనే నీ చేతిలో పెట్టాను. ఆ పాడు దగ్గే లేకపోతే ఇదంతా జరిగేదా? దాన్ని ఎప్పుడో బాగుచేసుకుని ఉంటే ఆయన బతుకు ఆయన బతికేవాడు.

గడియారం వెనక్కి పంపు. నీ సంజాయిషీ పంపకపోయినా ఫరవాలేదు.

ఒ.


బెర్లిన్,
22 ఫిబ్రవరి 1931

అక్కా,

సంజాయిషీ అక్కర్లేదన్నావు, అయినా రాస్తున్నాను, చదవకుండా పొయ్యిలో వెయ్యకు.

నేను అబద్ధం రాయలేదు. నీ ముగింపు ఉంది, ఫ్రెంచి సినిమాలో ఉంది. అందులో జడ్జి వేషం వేసినాయన పారిస్‌లో చాలా పేరున్నవాడు. హంతకుడు నేను కాకపోతే సినిమా ఎవడు చూస్తాడు అని పేచీ పెట్టాడు. నేను ఆ సందు దొరికించుకుని నీ పుస్తకం పేజీలు వాళ్ల డైరెక్టరుకు చదివి వినిపించాను. అక్షరం పొల్లుపోకుండా తీశారు. పారిస్‌లో విట్కోప్ గారు నిర్దోషి అని లక్షలమంది చూస్తున్నారు, అక్కా. మన జర్మన్ సినిమాలో మాత్రం ఫాల్క్ గారు ఆ దగ్గు విన్న రోజే నిర్ణయించేసుకున్నాడు, ఇంత భయంకరమైన చప్పుడు హంతకుడి ఇంట్లోంచే రావాలని. నేను ఎదురు చెప్పాను. మైకులు దాచేవాడి మాట ఎవడు వింటాడు? నీకు రాయడానికి ధైర్యం చాలలేదు. తప్పే. ఒప్పుకుంటున్నాను.

అయితే నువ్వే దారి చూపించావు. ఆ దగ్గే లేకపోతే అని రాశావు కదా. నిజమే కదా. గడియారాన్ని బెర్లిన్‌లో అందరికంటే పేరున్న పనివాడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పది నిమిషాల్లో పట్టేశాడు. లోపల సుత్తిని పట్టి ఉంచే స్ప్రింగు ఎప్పుడో విరిగితే, దాని స్థానంలో ఎవరో ఆడవాళ్ల జడపిన్ను ఒకటి వంచి ఇరికించారట. ఇంత మొరటు పని తన జన్మలో చూడలేదని పడీ పడీ నవ్వాడు. పిన్ను పీకి చెత్తలో పడేసి కొత్త స్ప్రింగు వేశాడు. ఇప్పుడు గంట తేనె కారినట్టు మోగుతోంది. దగ్గు లేదు. ఇక ఎవరు వచ్చి ఇది ఆ గడియారమే అన్నా, చెవి పెట్టి వినమను, చాలు.

ఇది నా తరఫున ఆయనకు కానుక అని చెప్పు. రేపటి రైలుకు పంపుతున్నాను. ఈ ఒక్కసారైనా నేను సరైన పని చేశానని అనిపిస్తోంది.

నీ తమ్ముడు
ఆల్విన్


ఎల్బెన్‌రోడె,
21 మార్చి 1931

ఆల్విన్,

నిన్ను ఎలా తిట్టాలో తెలియక మూడు వారాలు ఆగాను. ఇప్పటికీ తెలియలేదు. జరిగింది రాస్తాను, తిట్లు నువ్వే కలుపుకో.

పెట్టె వచ్చిన రోజు నేనే కిందికి వెళ్లి తలుపు తట్టాను. గడియారం వచ్చిందంటే తలుపు తీశాడు. నీ కానుక సంగతి చెప్పలేదు, విని సంతోషిస్తాడని, చూసి నవ్వుతాడని అనుకున్నాను. గోడకు తగిలించాడు, కీ పదకొండు చుట్లు తిప్పాడు, ఇద్దరం కూర్చున్నాం. పన్నెండు కావస్తోంది. ముల్లు మీదికి రాగానే ఆయన తల కాస్త పక్కకు వంచాడు. ఎప్పుడూ అలాగే వంచుతాడు, నేను గమనించలేదు అంతే. గంట మోగింది. చక్కగా, తేనె కారినట్టే. పన్నెండూ అయ్యేదాకా ఆయన తల అలాగే వంచుకుని ఉన్నాడు. తర్వాత లేచి వెనక పలక తీసి చూశాడు.

"పిన్ను ఏదండీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నీ ఉత్తరంలో చదివింది చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడి, అప్పుడు చెప్పాడు. పెళ్లయిన మొదటి ఏడు ఆయన సంతకు వెళ్లినప్పుడు, ఆయన భార్య హెడ్విగ్ దుమ్ము తుడుస్తూ ఆ స్ప్రింగు విరగ్గొట్టిందట. ఆయన తండ్రి చేసిన గడియారం అది. తిడతాడని భయపడి, తన జడలోంచి పిన్ను తీసి వంచి, రోజంతా కష్టపడి లోపల ఇరికించిందట. ఆయన ఇంటికొచ్చేసరికి గడియారం దగ్గుతోంది. ఆవిడ మొహం చూసి ఏమీ అడగలేదట. మర్నాడు తెరిచి పిన్ను చూశాడట, మళ్లీ మూసేశాడట. తనకు తెలుసని ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. తెలియదనే అనుకుంటూ ఆవిడ పద్నాలుగేళ్ల కిందట కన్నుమూసింది.

"గంటగంటకీ పలకరించేదండీ" అన్నాడు.

నా జడపిన్నులన్నీ తెచ్చి ఇచ్చాను. ఒక్కొక్కటీ వంచి పెట్టి చూశాడు. కొన్ని కీచుమన్నాయి, ఒకటి తుమ్మింది. ఆ పాతకాలపు లావు పిన్నులు ఇప్పుడు ఏ కొట్లోనూ లేవు. బాగుచేయడమే తెలిసిన చేతులు, చెడగొట్టడం ఆయన వల్ల కాలేదు. నాలుగో రోజున పళ్లెంలో నా పిన్నులు అన్నీ పేర్చి తిరిగి ఇచ్చాడు. నేను మేడ మీదికొచ్చి ఏడ్చాను, ఆల్విన్. నీ మీద కోపంతో కొంత, నా మీద కోపంతో ఎక్కువ. ఆ పాడు దగ్గు అని రాసింది నేనే కదా. ఆరేళ్లుగా దాన్ని వెక్కిరించిందీ నేనే.

ఇంతలో జనం అడుగుతున్నారని ఆ దిక్కుమాలిన సినిమాను మళ్లీ తెప్పించారు. గోడల మీద కాగితాలు చూసి నేను వీధి మార్చి నడిచాను. ఆ సాయంత్రం నా తలుపు చప్పుడైంది. చూస్తే విట్కోప్ గారు, కొత్త కాలరుతో.

"నాతో సినిమాకు వస్తారా? ఒక్కణ్ణీ వెళ్లాలంటే ధైర్యం చాలట్లేదండీ" అన్నాడు.

ఏ సినిమా అని అడగబోయి, ఆయన మొహం చూసి అర్థం చేసుకున్నాను. కోటు వేసుకున్నాను.

నాలుగో వరసలోనే కూర్చున్నాం. చుట్టూ గుసగుసలు. హంతకుడు తన పనితనం చూసుకోవడానికి వచ్చాడని వెనకనుంచి ఎవరో అన్నారు, మాకు వినబడేలాగే అన్నారు. ఆయన తెర వైపు చూడనే లేదు. కళ్లు మూసుకుని తల పక్కకు వంచుకున్నాడు. ఏడుసార్లు దగ్గింది. శవం పడినప్పుడల్లా హాలంతా కెవ్వుమంటుంటే, నా పక్కన ఈయన చిన్నగా నవ్వుకుంటున్నాడు. చూసినవాళ్లు ఏమనుకున్నారో నీకు చెప్పక్కర్లేదు. బయటికొచ్చాక, "నాలుగోది బాగా వచ్చిందండీ. అచ్చంగా మా ఇంట్లో ఉన్నట్టే" అన్నాడు.

ఆ రోజునుంచీ ప్రతి సాయంత్రం వెళుతున్నాం. ఆయన పేరు చెడగొట్టిన సినిమాలోనే ఆవిడ పిన్ను మిగిలింది, ఇంకెక్కడా లేదు. మైకు పూలకుండీలో దాచావో బూట్లలో దాచావో నాకు తెలియదు, నీ జన్మలో నువ్వు చేసిన ఒకే ఒక్క మంచి పని అది, అదీ నీకు తెలియకుండా చేశావు. గుండ్రబల్ల వాళ్లకు సంగతి ఎలాగో తెలిసింది. నేనే చెప్పాను, గొంతెత్తి, సత్రం మధ్యలో నిలబడి. ముంతను మళ్లీ మేకుకు తగిలించి మనిషిని పంపారు. గురువారం కుదరదు, పని ఉందన్నాడు.

నీ మీద కోపం పోలేదు. ముందు ఆ పేరుమోసిన పనివాడి కొట్టుకు వెళ్లి చెత్తబుట్ట వెతుకు. నెల దాటింది, దొరకదని నాకూ తెలుసు, అయినా వెళ్లి చేతులు మురికి చేసుకో.

ఆదివారంతో సినిమా మా ఊళ్లో అయిపోతుంది. సోమవారంనుంచి గోస్లార్‌లో ఆడుతుందట. రైలు రెండూ పదికి. విట్కోప్ గారు టైము చూసి పెట్టాడు, నేను రొట్టెలు కడతాను.

అక్క
ఒటీలియా